గాలికి కట్టిన అద్దె: ఒక షట్టరు గది డైరీ

మే 18

నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఏ గోడౌనులో ఎన్ని బస్తాలు ఉన్నాయి, ఎన్నాళ్లుగా ఉన్నాయి, వాటి మీద అద్దె ఎంత పడింది అని యజమాని అడిగితే పుస్తకం తెరవకుండా చెప్పాలి. అలాంటి నేను, సొంత సామానుకు నాలుగు నెలలుగా ఏడేసి వేలు అద్దె కడుతూ ఒక్కసారి కూడా కాగితం మీద లెక్క వేయలేదు. ఈ రోజు వేశాను. ఇప్పటికి ఇరవై ఎనిమిది వేలు. కొత్త ఇల్లు పూర్తయ్యేసరికి ఇంకో పద్నాలుగు నెలలని మేస్త్రి అంటున్నాడు. మేస్త్రి పద్నాలుగు అన్నాడంటే మనం పద్దెనిమిది అనుకోవాలి.

అసలు సంగతి ఇది. మా అత్తవారిది గోదావరి వైనతేయ పాయ పక్కన లంక ఊళ్లో పాత మండువా ఇల్లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసి కూడా నిలబడింది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు మాత్రం మండువాలో మోకాలి లోతు నీరు మూడు రోజులు కదలలేదు. సున్నపు గోడలు అడుగు నుంచి గుల్ల బారాయి. రెండేళ్లు అతుకులు వేసి చూసి, మొన్న మాఘమాసంలో ఇల్లు విప్పించాము. సామాను రెండు ట్రాక్టర్లలో అమలాపురం శివార్లకు చేర్చాము. అక్కడ మూతపడిన ఒక మిల్లు గోడౌనును గదులుగా విడగొట్టి, ఒక్కో గదికి ఒక్కో షట్టరు బిగించి అద్దెకు ఇస్తున్నారు. పక్క గదిలో షామియానా సామాను, దాని పక్కన కూలర్లు, ఆ పైన వినాయక చవితి వరకు ఎవరికీ గుర్తురాని పందిరి కర్రలు.

హైదరాబాదులో మా తమ్ముడు ఉద్యోగం మారినప్పుడు ఇలాగే సెల్ఫ్ స్టోరేజ్ గది తీసుకున్నాడు. కెమెరాలు, కాపలా, లిఫ్టు అన్నీ ఉన్నాయి, బిల్లులో 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. ధాన్యం నిల్వ చేస్తే ఆ పన్ను లేదు, మంచం నిల్వ చేస్తే ఉంది. మా షట్టరు గదికి పన్నూ లేదు, కెమెరా లేదు, కరెంటు ప్లగ్గు కూడా లేదు. తాళం మాత్రం మాదే.

మే 25

టేపు, పెన్ను, లెడ్జరు పుస్తకం తీసుకుని గదికి వెళ్లాను. గది 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. రేకుల కింద ఎత్తు 11 అడుగులు. అంటే 2,376 ఘనపుటడుగులు. తరువాత ఒక్కో వస్తువును పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాను. పందిరి మంచం ఒక్కటే 227 అడుగులు తిన్నది. భోషాణం 63. భోజనాల బల్ల 52. పరుపులు, బీరువాలు, సోఫాలు, ఊయల బల్ల, పెట్టెలు, గుండిగలు, జాడీలు అన్నీ కలిపితే 1,045.

సగం కూడా లేదు. నెలకు నాలుగు వేలకు దగ్గరగా గాలికి కడుతున్నాను.

ఆ 1,045 కూడా నిజమైన లెక్క కాదని భోషాణం మూత ఎత్తినప్పుడు తెలిసింది. లోపల రెండు దుప్పట్లు, ఒక బెల్లం బుట్ట, బుట్ట నుంచి గోడ దాకా చీమల బారు. మిగతా అంతా ఖాళీ. పందిరి మంచం కొలిచిన 227లో చెక్క ఇరవై అడుగులైనా ఉండదు, మిగతాది మనిషి పడుకునే చోటు. పడుకునే వాళ్లు లేని చోటికి అద్దె ఎందుకు?

మిల్లులో బస్తాలను ఒకదాని మీద ఒకటి నెట్టు కడతారు. హమాలీల ముఠా మేస్త్రి నేలను చూడడు, కప్పును చూస్తాడు. మేము సామాను దింపిన రోజు అందరం నేలనే చూశాము. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ పెట్టాము, నేల నిండగానే గది నిండిందనుకున్నాము. తల పైన ఆరేడు అడుగులు ఎవరికీ కనబడలేదు.

అదే వరుసలో 10 అడుగులకు 10 అడుగుల గదులు రెండు ఖాళీగా ఉన్నాయి. అద్దె 3,700 చెప్పారు. నేల చదరపు అడుగు లెక్కన చూస్తే పెద్ద గదికి 32 రూపాయల చిల్లర, చిన్నదానికి 37. చిన్న గదికి అడుగు ధర ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. అయినా నెలకు 3,300 మిగులుతుంది.

చిన్న గదిలో షట్టరు నుంచి వెనక గోడ వరకు రెండడుగుల దారి వదలాలి. గోడలకు ఆనకుండా అర అడుగు వదలాలి. ఆ మిగిలిన చోట ఎనిమిది అడుగుల ఎత్తు వరకు పేర్చుకుంటే 530 ఘనపుటడుగులు పడుతుంది. అంటే నా 1,045ను సగానికి దించాలి. ఒక్క వస్తువు కూడా పారేయకుండా ఎంతవరకు దించగలనో ముందు చూస్తాను. ఎందుకంటే ఆ సామానుకు అసలు యజమాని నేను కాదు.

జూన్ 1

అసలు యజమానితో మాట్లాడాను.

అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిది. ఇల్లు విప్పిన దగ్గర నుంచి మాతో పాటు అమలాపురంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. నా లెడ్జరు చూసి, "ఇదేమిటమ్మా, తహసీల్దారులా రాసుకొచ్చావు?" అన్నారు.

జాడీల దగ్గర మొదలుపెట్టాను. మొత్తం పద్నాలుగు.

"అత్తయ్యగారూ, మనం ఏడాదికి పెట్టేది రెండు జాడీల ఆవకాయ, ఒక జాడీ మాగాయ కదండీ. మిగతా పదకొండు ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఖాళీగా పెట్టావా వాటిని?"

"ఖాళీగానే ఉన్నాయండీ."

"అదీ నీ తప్పు. ఖాళీ జాడీ ఇంట్లో పెట్టుకునే వాళ్లను నిన్నే చూశాను. మా అత్తగారి కాలంలో పచ్చడి అయిపోయిన జాడీలో పప్పు గరిటెలు, తెడ్లు, దీపపు సెమ్మెలు ఉండేవి. గంగాళంలో గుండిగ, గుండిగలో బిందె, బిందెలో మరచెంబు. అటక మీద ఒక్కో వస్తువుకు ఒక్కో చోటు ఇస్తే ఇల్లు చాలేదా?"

నేను లెడ్జరు మూసేశాను. వారం రోజులుగా నేను కష్టపడి కనిపెట్టినది ఆవిడకు పెళ్లయిన ఏడాదే తెలుసు.

తరువాత ఇంకో మాట చెప్పారు. దాన్ని ఇక్కడ సరిగ్గా రాసుకోవాలి, పేర్పు మొత్తం దీని మీదే నడవబోతోంది. వాళ్ల ఇంట్లో వరద నీరు రాకముందే సామాను పైకి ఎక్కించే వరుస ఒకటి ఉండేది. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. అప్పుడు బియ్యం, పప్పులు, కాగితాలు అటక ఎక్కాలి. 13.75కు రెండోది. బట్టలు, పరుపులు, దేవుడి పటాలు ఎక్కాలి. 17.75కు మూడోది. ఇక మనుషులు, పశువులు గట్టు మీదికి పోవాలి.

"మరి ఎన్నటికీ ఎక్కించనివి?"

"రోలు, తిరగలి, గుండిగలు, జాడీలు. వాటిని గోదావరి ఏం చేస్తుంది? కడిగి పెడుతుంది."

జూన్ 8

పందిరి మంచం విప్పించాను. వడ్రంగి ఉదయం ఎనిమిదికి వచ్చాడు. మేకులు ఉంటాయనుకుని పట్టకారు తెచ్చుకున్నాడు. ఒక్క మేకు లేదు. నాలుగు కోళ్లు, పైన పందిరి చట్రం, పట్టెలు అన్నీ కుసులు (చెక్క చివర చెక్కిన నాలుకలు) రంధ్రాల్లో దూర్చి కర్ర చీలలు బిగించినవే. చీలలు ఎనభై ఏళ్ల పాటు బిగిసి రాయిలా ఉన్నాయి. చెక్క సుత్తితో అవతలి వైపు నుంచి కొట్టి ఒక్కొక్కటే తీశాడు.

ఏ పట్టె ఏ కోడుకు పోవాలో గుర్తుకు మాస్కింగ్ టేపు అంటించి నంబర్లు వేద్దామని కూర్చున్నాను. వడ్రంగి ఒక పట్టె చివర దుమ్ము తుడిచి, "అమ్మా, మీ పని ముందే ఎవరో చేశారు" అన్నాడు. కుసు పక్కన ఉలితో చెక్కిన చిన్న గీతలు. దగ్గర పెట్టి చూస్తే ౧. దాని జోడు కోడు రంధ్రం పక్కన కూడా ౧. తరువాతి దానికి ౨, ౨. ఎనిమిది వరకు ఉన్నాయి. మంచం చేసిన వడ్రంగి దీన్ని ఎప్పుడో ఒకనాడు విప్పుతారని ముందే అనుకున్నాడు. నా టేపు చుట్ట సంచిలో పెట్టేశాను. చీలలను మాత్రం ఒక గుడ్డ సంచిలో వేసి, ఆ సంచిని ఒకటో నంబరు కోడుకు కట్టాను. విప్పిన సామానులో ముందు పోయేవి చీలలూ మరలే.

227 ఘనపుటడుగుల మంచం కట్టగా కడితే 20కి వచ్చింది. భోజనాల బల్ల కాళ్లు విప్పితే 52 కాస్తా 12. వడ్రంగికి తొమ్మిది వందలు.

జూన్ 15

భోషాణంలోకి, రెండు బీరువాల్లోకి, పద్నాలుగు జాడీల్లోకి చిన్న సామానంతా దూర్చాను. విడిగా పడి ఉన్న అట్టపెట్టెలు సగానికి సగం మాయమయ్యాయి. లెక్క ఇప్పుడు 670 దగ్గర ఉంది. ఇంకా 140 దించాలి. ఇక్కడ నుంచి వదిలించుకోవడమే దారి.

సోఫా సెట్టు: 80 అడుగులు. పదిహేనేళ్ల కిందట కొన్నది, లోపల స్పాంజి పొడి రాలుతోంది. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఫోను చేసి అడిగాను.

"ఏమండీ, సోఫా అమ్మేయమంటారా?"

"అది నలభై వేలు పెట్టి కొన్నాం తెలుసా?"

"తెలుసండీ. దాన్ని ఉంచడానికి నెలకు మూడు వందలు పైనే కడుతున్నాం. పద్దెనిమిది నెలలకు అయిదు వేల చిల్లర. ఇప్పుడు అమ్మితే వచ్చేది మూడున్నర వేలు."

అవతల కాసేపు మాట లేదు. "నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకు అర్థం ఒప్పుకున్నారని.

బూరుగు దూది పరుపులు నాలుగు: 50 అడుగులు. అత్తయ్యగారు ఇవి ఇవ్వనన్నారు. చివరికి దూది తీయించి ఏకించి, రెండు పరుపులుగా కుట్టించి మేము ఉంటున్న ఇంట్లోనే వాడుకుంటున్నాము. గదికి భారం తగ్గింది, నా నడుము నొప్పి కూడా కొంత తగ్గింది. విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన ట్రంకు పెట్టెలు, పాత ఫ్యాన్లు తూకానికి వేస్తే 1,850 వచ్చాయి.

దూలాలు, స్తంభాలు ఏ గదిలోనూ పట్టవు, పద్నాలుగు అడుగుల టేకు. వాటిని ఊళ్లో మా బాబాయిగారి పశువుల సావిడిలో ఇటుకల మీద పరిపించాము. అద్దె ఏమీ లేదు. ఏడాదికి రెండు అరటి గెలలు పంపిస్తే చాలన్నారు. పంపించకపోతే గుర్తుచేస్తారు కూడా.

మొత్తం మీద ఇప్పుడు 540. పది అడుగులు ఎక్కువ. అది నేను చూసుకుంటాను.

జూన్ 29

ఖాళీగా ఉన్న రెండు చిన్న గదుల్లో ఏది తీసుకోవాలి? ఒకటి వరుస చివరన, కాలువ వైపు. రెండోది నడి మధ్యన. చివరి గదికి రెండు వందలు తగ్గిస్తానన్నాడు యజమాని. తగ్గిస్తానంటేనే నాకు అనుమానం వస్తుంది.

మిల్లులో కొత్త గోడౌను తీసుకునే ముందు మేము చేసే పరీక్ష ఒకటి ఉంది. మూరెడు చదరపు పాలిథీను షీటు నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రాత్రి వదిలేయాలి. తెల్లారి చూస్తే షీటు పైన తడి ఉంటే అది గాలిలో తేమ. షీటు కింద చెమట పట్టి ఉంటే తేమ నేలలో నుంచి వస్తోందన్న మాట. గాలి తేమకు కిటికీ తెరవచ్చు. నేల తేమకు మనం చేయగలిగింది పెద్దగా లేదు. మా డెల్టాలో నాలుగు మూరలు తవ్వితే నీరు పడే చోట్లు ఎన్నో. పైగా జూన్‌లో కాలువలకు నీరు వదిలారు, ఇప్పుడు పరీక్ష చేయకపోతే మరెప్పుడు?

శనివారం సాయంత్రం రెండు గదుల్లోనూ షీట్లు అంటించాను. ఈ ఉదయం వెళ్లి చూశాను. చివరి గదిలో షీటు ఎత్తగానే దాని అడుగున ముత్యాల్లా నీటి చుక్కలు, కింద సిమెంటు నల్లగా. మధ్య గదిలో షీటు అడుగు పొడిగా ఉంది, నేల రంగు మారలేదు. రెండు వందల తగ్గింపు ఎందుకో తెలిసింది.

షామియానా ఆయన్ను కూడా అడిగాను, ఈ వరుసలోకి వాన నీరు ఎప్పుడైనా వచ్చిందా అని. తుపాను వానలకు ఒకసారి పిక్కల దాకా వచ్చిందన్నారు. యజమానిని అడిగితే అసలు రాలేదన్నారు. అద్దెకు తీసుకునే ముందు పక్క షట్టరు వాళ్లను అడగడం అందుకే.

జూలై 6

బేరం.

గోడౌన్ల గిరాకీ మా వైపు పంట బట్టి నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా ధాన్యం వస్తుంది, నవంబరు, డిసెంబరుల్లో సార్వా. ఆ రోజుల్లో కోళ్ల గూడుకు కూడా అద్దె పెరుగుతుంది. జూలై నుంచి అక్టోబరు వరకు షట్టర్లు ఖాళీ. పైగా ఆషాఢం, కొత్తగా గదిలో దిగేవాళ్లు ఉండరు. ఇది యజమానికి తెలుసు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలియదు. రైస్ మిల్లులో పని చేస్తానని చెప్పాక ఆ మూడోది కూడా తెలిసిపోయింది.

3,700 నుంచి 3,400కు దించాను, ఆరు నెలల అద్దె ముందే ఇచ్చే షరతు మీద. అంటే 20,400. ముందే ఇవ్వడంలో నష్టం ఉంది, ఇల్లు తొందరగా పూర్తయితే ఆ డబ్బు ఏమవుతుంది? (మేస్త్రిని చూస్తే ఆ భయం అక్కర్లేదు.) మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె తిరిగి ఇవ్వాలని, నెల రోజుల ముందు చెబితే చాలని పదకొండు నెలల ఒప్పందంలోనే రాయించాను. మా వైపు అందరూ పదకొండే రాసుకుంటారు. ప్రతి రూపాయికీ రసీదు తీసుకున్నాను.

పాత గది అడ్వాన్సు 14,000 తిరిగి ఇచ్చేటప్పుడు సున్నం ఖర్చని వెయ్యి పట్టుకున్నారు. గోడలకు సున్నం వేసి ఏళ్లయిందని షట్టరు తీసి చూపించాను. అయిదు వందలకు దిగారు. మిగతా అయిదు వందలకు పోట్లాడే ఓపిక లేక వదిలేశాను. అది ఇప్పటికీ నా కడుపులో ఉంది.

జూలై 13

దింపుడు. ముఠా నుంచి నలుగురు, 2,400. ఉదయం ఒక జల్లు పడింది, తొమ్మిదికి తెరిపి ఇచ్చింది. ఈ రోజు సామాను దింపకూడదని నాకు ఎక్కడో అనిపించింది, ముఠాను వెనక్కి పంపితే ఆ 2,400 పోతుందని ఆపలేదు. దీని ఫలితం తరువాత రాస్తాను.

నేల మీద మిల్లులో పక్కన పడేసిన చెక్క క్రేట్లు ఎనిమిది పరిచాము, ఒక్కోటి నూట యాభై. వాటి కింద ఇటుకలు పేర్చి అడుగు ఎత్తు చేశాను, షామియానా ఆయన చెప్పిన పిక్కల లెక్కకు పైన నాలుగంగుళాలు. రెండు వైపులా పాత ఇనుప యాంగిల్ ర్యాకులు, 4,400. ర్యాకు కాళ్ల కింద డబ్బా మూతలు పెట్టి వాడేసిన ఇంజను ఆయిలు పోశాను, చీమలకూ చెదలకూ. గోడకు అర అడుగు వదిలింది తేమకు మాత్రమే కాదు. చెదలు గోడ మీద మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తాయి, ఆ సందులో టార్చి వేస్తే కనబడాలి.

పేర్పు అత్తయ్యగారి వరద వరుసే. అన్నిటి కంటే కింద, క్రేట్ల మధ్య నేల మీదే, రోలు, తిరగలి. క్రేట్ల మీద గంగాళాలు, గుండిగలు, జాడీలు. నీరు వచ్చినా కడిగి పెట్టేవి. ఆ పైన భోషాణం, బల్ల, మంచం కట్ట. అందేంత ఎత్తులో బట్టల పెట్టెలు, పటాలు, కాగితాలు. ఇక్కడ మాత్రం ఆవిడ వరుసను మార్చాను. ఇంటి అటక మీద పెంకులు, ఇక్కడ తల పైన రేకులు. మే నెలలో రేకు కింద చెయ్యి పెడితే పొయ్యి పక్కన పెట్టినట్లు ఉంటుంది. ఫోటోలు, పట్టుచీరలు అక్కడ పెడితే ఒక వేసవికి సరి. అందుకని రేకుల కింద ఖాళీ సూటుకేసులు, ఈత బుట్టలు, చేటలు పెట్టాము. ఆవిడ షట్టరు దగ్గర స్టూలు మీద కూర్చుని చూసి, "సరే, ఇది నీ లెక్క" అన్నారు.

దారి చివర నిలబడి ప్రతి అరకు ఒక అక్షరం, ప్రతి పెట్టెకు ఒక నంబరు రాసి, లెడ్జరులో గది పటం గీశాను. కొత్త తాళం 450.

ఖర్చు మొత్తం 9,350. అమ్మకాల మీద వచ్చింది 5,350. చేతి నుంచి పడింది నాలుగు వేలు. పాత ఏడు వేలకు, ఇప్పటి 3,400కు తేడా 3,600. నెల దాటిన నాలుగో రోజుకల్లా పెట్టింది వచ్చేస్తుంది.

ఎలుకలకు, పురుగులకు మిల్లు గోడౌన్లలో వాడే మాత్రలు నాలుగు వేయమని ముఠా కుర్రవాడు ఒకడు సలహా ఇచ్చాడు. ఆ మాత్రలకు గాలిలో తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. అది పీల్చితే మనిషి బతకడం కష్టం. మిల్లులో దాన్ని నెట్టు మొత్తానికి కవరు కప్పి, శిక్షణ ఉన్నవాళ్లే వేస్తారు. పలుచని గోడ అవతల షామియానా ఆయన మధ్యాహ్నం నిద్రపోయే గదుల్లో దాన్ని తలచుకోకూడదు కూడా. తినే వస్తువు ఏదీ లోపల ఉంచకపోతే ఎలుకకు మన మంచంతో పని లేదు. బెల్లం బుట్ట ఇంటికి తెచ్చేశాను.

ఆగస్టు 17

షట్టరు ఎత్తగానే వాసన. ముక్కిన వాసన.

దింపుడు రోజున జల్లు పడిందని చెప్పాను కదా. చెక్క సామాను తడవకూడదని మంచం కట్టకు, భోషాణానికి పాలిథీను చుట్టి, టేపు వేసి బిగించాను. నేల పరీక్ష చేసిన తెలివి, అర అడుగు వదిలిన తెలివి అన్నీ ఉన్నాయి. జల్లు గాలిలోని తేమను చెక్కతో సహా లోపలే మూట కట్టానని తోచలేదు. పగలు రేకుల వేడికి చెక్కలో తేమ బయటికి వచ్చి, రాత్రి చల్లబడి షీటు లోపల చెమటగా మారి మళ్లీ చెక్క మీదే పడుతుంది. అయిదు వారాలు ఇదే జరిగింది. టేపు కోసి చూస్తే పట్టెల మీద తెల్లని బూజు, వేలితో రాస్తే పిండిలా వచ్చింది. ౩ అంకె గీతల్లో కూడా బూజే.

రెండు రోజులు సెలవు పెట్టాను. పట్టెలన్నీ బయటికి తీసి వరండాలో నీడకు ఆరబెట్టాము. ఎండకు పెడితే టేకు కూడా పగులు ఇస్తుంది. పొడి బ్రష్షుతో ఆరుబయట బూజు దులిపి, గుడ్డతో తుడిచి, పలుచగా నూనె పట్టించాను. చెక్కకు దెబ్బ తగల్లేదు. భోషాణంలో పెట్టిన దుప్పట్లు రెండూ మాత్రం పోయాయి. కూలి, నూనె, పోయిన సెలవు కలిపి 1,900 రాసుకున్నాను. అంటే నేను గెలిచిన డబ్బులో సగం నెల తిరిగి ఇచ్చాను.

పాలిథీను అంతా తీసేసి అత్తయ్యగారి పాత నూలు చీరలు కప్పాను. దుమ్ము ఆగుతుంది, గాలి ఆడుతుంది. కాల్చిన, నీళ్లు చల్లని సున్నపు ముక్కలు మట్టి మూకుళ్లలో వేసి మూడు చోట్ల పెట్టాను. తేమ పీల్చి పిండి అవుతాయి, అప్పుడు మార్చాలి. సున్నం అంచుకు వచ్చేలా నింపకూడదు, తేమకు ఉబ్బుతుంది. ఇక నుంచి పదిహేను రోజులకు ఒక మధ్యాహ్నం, వాన లేని రోజు చూసి, షట్టరు ఎత్తి రెండు గంటలు వదలాలని కేలెండరులో గుర్తు పెట్టాను.

"పాలిథీను చుట్టేటప్పుడు చెప్పలేదేమండీ?" అని అత్తయ్యగారిని అడిగాను.

"మా కాలంలో అది లేదు కదా, నాకేం తెలుసు?" అన్నారు.

అక్టోబరు 5

వానలు తగ్గుముఖం. మూడుసార్లు సున్నం మార్చాను. బూజు లేదు. గోడ సందులో టార్చి వేస్తే సాలెగూడు తప్ప ఏమీ లేదు. మేస్త్రి కొత్త ఇంటికి లింటెలు వరకు లేపాడు.

నవంబరు 9

కార్తీకం. ఊరంతా వనభోజనాల హడావుడి. షామియానా ఆయన గదిలో గుండిగలు చాలక, మా షట్టరు ఎత్తి ఉన్నప్పుడు లోపలికి తొంగి చూసి, పెద్దవి మూడు, మూతలతో సహా, ఒక ఆదివారానికి అద్దెకు అడిగారు. ఆరు వందలు ఇస్తానన్నారు. అద్దె కట్టే గదికి అద్దె రావడం నేను లెక్కలో వేయలేదు. కానీ ఇచ్చేది నేను కాదు. ఫోను అత్తయ్యగారికి ఇచ్చాను.

ఆవిడ పావుగంట మాట్లాడారు. ఎవరి తోట, ఎంతమంది, ఏం వండుతారు, తోమేది బూడిదతోనా పీచుతోనా. చివరికి ఒప్పుకున్నారు. పటం చూసి నాలుగు నిమిషాల్లో గుండిగలు తీసి ఇచ్చాను. పెద్ద గదిలో ఉన్నప్పుడు ఇదే పని ఒక పూట పట్టేది.

ఈ రోజు తిరిగి తెచ్చారు. అత్తయ్యగారు నాతో పాటు గదికి వచ్చారు. ఒక్కో గుండిగను వేలితో మీటి మోత విన్నారు, అడుగు తిప్పి చూశారు, అంచు మీద చుక్కలతో చెక్కిన ఇంటి పేరు తడిమారు. మూడూ సరే అన్నారు. తరువాత మూతలు. రెండు సరే. మూడోది చేత్తో పట్టుకుని కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఇది మనది కాదు."

చూశాను. మూత సరిగ్గానే పట్టింది, బరువు కూడా అంతే. మీద చెక్కిన పేరు మాత్రం మరో ఇంటిది. షామియానా ఆయన ఏదో చెప్పబోయి ఊరుకుని, తన గదిలో మూతల దొంతి దించడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటే వెలుతురుకు తిప్పి పేరు చదువుతున్నారు. అత్తయ్యగారు మా స్టూలు తీసుకెళ్లి ఆయన షట్టరు ముందు వేసుకుని కూర్చున్నారు. ఆరు వందలు ఆదాయం కింద రాయాలో, ఆ మూత దొరికే వరకు ఆగాలో తేలక లెడ్జరు చేత్తో పట్టుకుని నేను కూడా అక్కడే నిలబడ్డాను.